పిల్లల లెక్కలు, పెద్దల లెక్కలు

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళల్లో రాత్రి భోజనాలయ్యాక తరుచుగా వినబడే మాట ఒకటుంది: "నాన్నా, మా టీచర్ అలా చెప్పలేదు!" నాన్న ఇంజనీరు. అమ్మది కంప్యూటర్ల ఉద్యోగం. ఇద్దరూ ఎంసెట్ రాసి గట్టెక్కినవాళ్ళే. లెక్క చూడగానే అర నిమిషంలో జవాబు చెప్పెయ్యగలరు. అయినా ఏడో తరగతి చదివే పిల్ల ముందు చేతులెత్తేస్తారు. జవాబు సరిగ్గానే ఉంటుంది, దారి దగ్గరే పేచీ. కాసేపటికి గొంతులు లేస్తాయి, పెన్సిలు చేతులు మారుతుంది, పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. "నాకు లెక్కలు రావు" అని ఆ పిల్ల తనకి తాను చెప్పుకోవడం సరిగ్గా అలాంటి రాత్రే మొదలవుతుంది.

నేను వృత్తిరీత్యా లెక్కల పంతుల్ని కాను. అయితే కొన్నేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు మా ఊరి లైబ్రరీలో మిడిల్ స్కూలు పిల్లల పక్కన కూర్చుని హోంవర్కులో సాయం చేస్తున్నాను. అక్కడ నాకు తెలిసొచ్చిన సంగతి ఇది: అమ్మానాన్నల లెక్కలూ, పిల్లల లెక్కలూ రెండు వేరు వేరు శాస్త్రాలు కావు. మాటలే వేరు. ఆ మాటలకి లంకె వెయ్యగలిగితే పేచీ సగం తీరుతుంది. ఆ లంకెకి కావలసిన సరుకు చాలా మటుకు మన తెలుగులోనే ఉంది.

ఈ గొడవ ఎందుకు పట్టించుకోవాలంటే, ఈ దేశంలో బీజగణితం ఒక గుమ్మం లాంటిది. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ పూర్తి చేసిన పిల్లలు తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్ చదవడానికి వీలుంటుంది. ఒక ఏడాది ఆలస్యమైతే మధ్యలో ఎక్కడో రెండు మెట్లు ఒకేసారి ఎక్కాలి. శాన్‌ఫ్రాన్సిస్కో బడులు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాని ఎత్తేసి తొమ్మిదికి జరిపితే పదేళ్ళపాటు తల్లిదండ్రులు పోట్లాడారు. చివరికి 2024లో దాన్ని వెనక్కి తెమ్మని ఓటర్లు కూడా పెద్ద మెజారిటీతో చెప్పారు. అంత పట్టింపు ఉన్న విషయమిది. ఐతే గుమ్మం త్వరగా దాటించాలన్న తొందరలో కిటుకులు మాత్రం నేర్పేసి, అర్థం నేర్పకపోతే పిల్లలు తరవాతి గదిలో తడబడతారు.

అటు పంపితే గుర్తు ఎందుకు మారుతుంది?

ముందుగా ఒక చిన్న ఏర్పాటు. తెలియని రాశికి ఎక్స్ అని పేరు పెట్టడం ఫ్రాన్సు దేశపు డేకార్ట్ 1637లో వేసిన పుస్తకంతో స్థిరపడిన అలవాటు. అంతకు చాలా ముందే మన ప్రాచీనులు తెలియని రాశిని "యావత్తావత్" అనేవారు, అంటే "ఎంతో అంత". దాన్ని పొట్టిగా "యా" అని రాసేవారు. ఇంకా తెలియనివి ఉంటే కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి "కా", "నీ", "పీ" అనేవారు. ఈ వ్యాసంలో నేను ఎక్స్ బదులు "య" అని రాస్తాను. ఈ కథ మీ పిల్లలకి చెప్పి చూడండి. తెలియని దానికి పేరు పెట్టి దానితో పని చేయించుకోవడమే బీజగణితం అన్న సంగతి ఒక్క దెబ్బతో బోధపడుతుంది.

ఇప్పుడు 3య + 5 = 20 అన్న సమీకరణం తీసుకుందాం. మనం నేర్చుకున్న పద్ధతి: "5ని అటు పంపు, గుర్తు మారుతుంది. 3య = 15. 3ని అటు పంపు, భాగహారం అవుతుంది. య = 5." ఇక్కడి టీచరు చెప్పే పద్ధతి: "సమీకరణం ఒక తక్కెడ. రెండు పళ్ళేల్లోంచీ 5 తీసెయ్యి. ఆ తరువాత రెండు పళ్ళేల్నీ 3 పెట్టి భాగించు." నాన్నకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. పిల్లకి నాన్న చేసింది గారడీలా కనిపిస్తుంది.

నిజానికి రెండూ ఒకటే. సుమారు 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్‌ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని "అల్‌జబ్ర్" అన్న మాట నుంచే ఆల్జీబ్రా వచ్చింది. తీసివేతలో ఉన్న దాన్ని రెండు పక్కలా కలిపి లోటు పూడ్చడమే జబ్ర్. అంటే మన "అటు పంపడం" అసలు అల్‌జబ్రే! రెండు పక్కలా ఒకే పని చెయ్యడం కారణం, గుర్తు మారడం దాని ఫలితం. మనకి ఫలితం మాత్రం గుర్తుండిపోయింది. పిల్లలకి కారణం నేర్పుతున్నారు.

కారణం తెలియకపోతే ఏమవుతుందో చూడండి. య ÷ 4 = 7 అని ఇస్తే, "అటు పంపితే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టిన పిల్లాడు 4ని అటు పంపి, 7 − 4 = 3 అంటాడు. తక్కెడ తెలిసిన పిల్లాడు రెండు పళ్ళేల్నీ నాలుగు రెట్లు చేసి 28 అంటాడు. మనం ముందు తక్కెడ చూపించి, పది లెక్కలు చేయించి, ఆ తరువాత "ఇదుగో, మా రోజుల్లో దీన్నే పొట్టిగా ఇలా రాసేవాళ్ళం" అంటే టీచరు మాటా నిలుస్తుంది, నాన్న మాటా నిలుస్తుంది.

మాటల తేడాకి ఇంకో ఉదాహరణ. మనం బోడ్‌మాస్ అని నేర్చుకున్నాం, ఇక్కడి పిల్లలు పెమ్‌డాస్ అంటారు. మనదాంట్లో భాగహారం ముందొస్తుంది, వాళ్ళదాంట్లో గుణకారం ముందొస్తుంది. 12 ÷ 3 × 2 ఎంత? అక్షరాల వరస నమ్ముకుని ముందు గుణకారం చేసిన పిల్లకి 2 వస్తుంది. సరైన జవాబు 8. గుణకారం, భాగహారం ఇద్దరూ సమ ఉజ్జీలు, ఎడమ నుంచి కుడికి ఎవరు ముందొస్తే వాళ్ళదే వంతు. కూడిక, తీసివేతలకీ అంతే. ఈ సంగతి రెండు దేశాల్లోనూ ఒకటే.

ఋణం అంటే అప్పే

పిల్లలు ఎక్కువగా తడబడేది మైనస్సుల దగ్గర. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవ్వాలి? ఇంగ్లీషులో నెగటివ్ అన్న మాట ఏ బొమ్మా చూపించదు. మన మాట చూడండి: ఋణ సంఖ్య. ఋణం అంటే అప్పు, ధనం అంటే సొమ్ము. బ్రహ్మగుప్తుడు 628లో ధన, ఋణ సంఖ్యలకి లెక్కల సూత్రాలు చెప్పినప్పుడు వాడిన మాటలే ఇవాళ్టికీ తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఒకడికి మూడేసి డాలర్ల అప్పులు నాలుగున్నాయి, అంటే −12. అందులో రెండు అప్పులు ఎవరో మాఫీ చేశారు. రెండు తగ్గాయి, ఒక్కొక్కటీ మూడు డాలర్ల ఋణం: (−2) × (−3) = +6. వాడి పరిస్థితి ఆరు డాలర్లు మెరుగుపడింది. ఈ మాట చెప్పాక మళ్ళీ ఆ ప్రశ్న అడిగిన పిల్లల్ని నేను చూడలేదు.

ఇక మాటల లెక్కలు. అమ్మమ్మకి 62 ఏళ్ళు, మనవరాలికి 12 ఏళ్ళు. ఎన్నేళ్ళకి అమ్మమ్మ వయసు మనవరాలి వయసుకి మూడు రెట్లవుతుంది? య ఏళ్ళ తరువాత అనుకుందాం. ఇద్దరికీ య ఏళ్ళు కలవాలి. ఇది ముందు తెలుగులో అనిపించాలి, తరువాత రాయించాలి.

62 + య = 3 × (12 + య)
62 + య = 36 + 3య
26 = 2య
య = 13

సరిచూద్దాం: అప్పటికి అమ్మమ్మకి 75, మనవరాలికి 25. మూడు రెట్లే.

లెక్కని అక్కడ ఆపకండి. "మరి ఆరు రెట్లు ఎప్పుడు?" అని అడగండి. 62 + య = 72 + 6య. అంటే −10 = 5య, య = −2. పిల్ల గాభరా పడి, "తప్పొచ్చింది" అంటుంది. తప్పు కాదు. రెండేళ్ళ తరువాత అనడానికి బదులు రెండేళ్ళ క్రితం అంటోంది సమీకరణం. అప్పుడు అమ్మమ్మకి 60, పిల్లకి 10. మనం అడగని విషయాన్ని కూడా సమీకరణం చెప్పగలదని తెలిసిన క్షణంలో పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు చూసి తీరాలి.

నూటికి రెండు

శాతం అంటే శతానికి ఇంత అని, నూటికి ఇంత అని. ఇంగ్లీషులో పర్సెంట్ అన్నా అర్థం అదే, కాని ఆ అర్థం పిల్లలకి వినబడదు. తెలుగులో వినబడుతుంది. అందుకే శాతాల లెక్క చేసేటప్పుడు ప్రతిసారీ ఒక్క ప్రశ్న వెయ్యమంటాను: "దేనిలో నూటికి?"

ఒక కోటు ధర 80 డాలర్లు. 25 శాతం తగ్గింపు, పైన కూపనుతో మరో 20 శాతం తగ్గింపు. మొత్తం 45 శాతం తగ్గిందా? మొదటి 25 శాతం 80లో. కనక ధర 60 అయింది. రెండో 20 శాతం 60లో, 80లో కాదు. కనక 48. తగ్గింది 32 డాలర్లు, అంటే 80లో 40 శాతం. ఇదే పొట్టిగా: 80 × 0.75 × 0.80 = 48.

ఇదే లెక్క వెనక్కి: 20 శాతం తగ్గించాక ఒక వస్తువు 48 డాలర్లయింది, అసలు ధరెంత? చాలామంది పిల్లలు, కొంతమంది పెద్దలు కూడా, 48కి 20 శాతం కలిపి 57 డాలర్ల 60 సెంట్లు అంటారు. "దేనిలో నూటికి?" అని అడిగితే పొరపాటు పట్టుబడుతుంది. తగ్గించింది మనకి తెలియని ధరలో. ఆ తెలియనిదే య: 0.80 × య = 48. కనక య = 60. శాతాల లెక్క కాస్తా సమీకరణం అయిపోయింది.

పరీక్ష మార్కులూ అంతే. 60 నుంచి 75కి పెరిగితే పెరుగుదల 25 శాతం. 75 నుంచి 60కి పడితే తగ్గుదల 20 శాతం. అవే పదిహేను మార్కులు, కాని నూరు మారింది.

ఇక్కడ తాతగార్లు, అమ్మమ్మలు చెప్పవలసిన పాఠం ఒకటుంది. మన ఊళ్ళల్లో "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకి నూటికి రెండు. ఏడాదికి కాదు. బారువడ్డీ ప్రకారం ఏడాదికి నూటికి 24. నెలనెలా వడ్డీని అసలులో కలిపితే చక్రవడ్డీ: 1.02ని పన్నెండు సార్లు గుణిస్తే 1.268 వస్తుంది, అంటే ఏడాదికి దగ్గర దగ్గర 27 శాతం. ఏడాదికి 24 శాతం అని సన్న అక్షరాల్లో రాసుండే క్రెడిట్ కార్డు మన ఊరి రెండు రూపాయల వడ్డీయే! ఆ వడ్డీకి పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టాల్లోనే ఉంటాయి. కాలేజీకి వెళ్ళగానే కార్డు చేతికొచ్చే మనవడికి ఈ లెక్క తాతగారే విప్పి చెపితే అది ఏ పాఠ్యపుస్తకం కంటేనైనా ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

గ్రాఫు: లెక్కకి గీసిన బొమ్మ

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి చదివిన వాళ్ళకి గ్రాఫు కాగితాన్ని జవాబు పత్రానికి దారంతో కట్టిన జ్ఞాపకం ఉండే ఉంటుంది. మనం సరళరేఖకి వై = ఎం ఎక్స్ + సి అని రాశాం. ఇక్కడి పిల్లలు వై = ఎం ఎక్స్ + బి అంటారు. సి అయినా బి అయినా మనిషి ఒకడే, పేరు మారిందంతే. ఎం అంటే వాలు, ఇక్కడ స్లోప్ అంటారు. బి అంటే గీత నిలువు అక్షాన్ని తాకే చోటు.

వాలు అంటే ఏమిటో హైవే మీద చూపించవచ్చు. కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీద రాకీ పర్వతాలు దిగేటప్పుడు లారీల వాళ్ళని హెచ్చరిస్తూ 6 శాతం అని బోర్డులుంటాయి. నూరు అడుగులు ముందుకి వెళ్తే ఆరడుగులు కిందకి దిగుతామని అర్థం. నూటికి ఆరు. శాతమూ, వాలూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. దిగుడు కనక గ్రాఫులో ఈ వాలు −0.06, అంటే ఋణం.

ఇప్పుడు మన ఇళ్ళల్లో లెక్క. ఒక కూచిపూడి గురువుగారు చేరేటప్పుడు 60 డాలర్లు, ఆపైన క్లాసుకి 15 డాలర్లు తీసుకుంటారు. మరొకరు చేరేటప్పుడు ఏమీ తీసుకోరు, క్లాసుకి 20 డాలర్లు. ఎవరి దగ్గర చవక? అడ్డ అక్షం మీద క్లాసులు, నిలువు అక్షం మీద ఖర్చు పెట్టి రెండు గీతలూ గీయించండి. మొదటి గీత 60 దగ్గర మొదలై మెల్లిగా ఎక్కుతుంది. రెండోది సున్న దగ్గర మొదలై జోరుగా ఎక్కుతుంది. మొదలయ్యే చోటు గుమ్మంలో కట్టే రుసుము, వాలు ఒక్కో క్లాసు ధర. రెండు గీతలూ కలిసే చోటుని సమీకరణం కూడా చెపుతుంది: 60 + 15య = 20య, కనక య = 12. పన్నెండు క్లాసులకి ఇద్దరికీ 240 డాలర్లే. అంతకంటే తక్కువ నేర్చుకుని మానేసే పిల్లకి రెండోవారు చవక. రంగప్రవేశం దాకా వెళ్ళే పిల్లకి మొదటివారు చవక. బొమ్మ గీశాక ఈ మాట పిల్లే చెపుతుంది, మనం చెప్పక్కరలేదు.

ఒక తండ్రి చేసిన పని

ఇంట్లో పిల్లకి లెక్కలు చెప్పబోయి పేచీ పడ్డ తండ్రి మనలో ఒక్కడే కాదు. బాబ్ మోజెస్ అనే నల్లజాతి నాయకుడు 1960లలో మిసిసిపీలో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళినవాడు. తరువాత టాంజానియాలో లెక్కల పాఠాలు చెప్పాడు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఆయన కూతురు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ బడిలో ఆల్జీబ్రా చెప్పడం లేదు. ఇంట్లో చెప్పబోతే ఆ పిల్ల బడిలో ఒక లెక్కలు, ఇంట్లో ఒక లెక్కలు చెయ్యనని మొరాయించింది. అప్పుడు టీచరు ఆయన్నే క్లాసుకి రమ్మన్నారు. ఆయన వెళ్ళి తన కూతురితో పాటు మరికొందరు పిల్లలకీ చెప్పాడు. 1982లో వచ్చిన మెక్ఆర్థర్ ఫెలోషిప్ ఆసరాతో అదే ఆల్జీబ్రా ప్రాజెక్ట్ అనే ఉద్యమంగా పెరిగింది.

ఆయన పద్ధతి చాలా సాదా. పిల్లల్ని బోస్టన్ సబ్‌వే రైలు రెడ్ లైన్ ఎక్కించి తీసుకువెళ్ళేవారు. తిరిగొచ్చాక ప్రయాణం బొమ్మ గీయించి, మామూలు మాటల్లో చెప్పించి, ఎక్కడ మొదలయ్యాం, ఎటు వెళ్ళాం, ఎన్ని స్టేషన్లు అని అడిగి, ఆ తరువాతే గుర్తుల్లోకి దిగేవారు. ధన, ఋణ సంఖ్యలు అలా రైలు దిశల్లోంచి వచ్చాయి. ముందు అనుభవం, తరువాత ఇంటి భాష, ఆఖర్న గణిత భాష. 1960లలో ఓటు హక్కు ఎంతటిదో ఇవాళ బీజగణితం అంతటిది, అది రానివాడు ఆర్థికంగా బయటే ఉండిపోతాడు అన్నది ఆయన వాదన. 2001లో చార్లెస్ కాబ్‌తో కలిసి రాసిన "రాడికల్ ఈక్వేషన్స్" అన్న పుస్తకంలో ఈ కథంతా ఉంది. ఆయన 2021లో పోయారు.

మనవాళ్ళు ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రాగలిగింది 1965 నాటి వలస చట్టం దేశాలవారీ కోటాల్ని ఎత్తెయ్యడం వల్ల. ఆ చట్టం వచ్చింది పౌరహక్కుల పోరాటపు వేడిలోనే. కనక మోజెస్ వంటివారికి మనం కొంత ఋణపడి ఉన్నాం. ఇక్కడ కూడా ఋణం అంటే అప్పే. మన పిల్ల పక్కన మరో రెండు కుర్చీలు వేసి, ఇంట్లో చెప్పే దిక్కులేని పక్కింటి పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుంటే ఆ అప్పు కొంత తీరుతుంది. పైగా పక్కవాడికి విడమరిచి చెప్పడంలో మన పిల్లకే ఎక్కువ వస్తుంది.

బల్ల దగ్గర కూర్చునే వాళ్ళకి

నాలుగు సలహాలు. ఒకటి, పెన్సిలు పిల్ల చేతిలోనే ఉండనివ్వండి. రెండు, "మీ టీచర్ ఎలా చెప్పారో నాకు చెప్పు" అని మొదలెట్టండి, విన్నాక మీ పద్ధతి చెప్పి రెండూ ఎక్కడ కలుస్తాయో వెతకమనండి. మూడు, జవాబు రాగానే వదిలెయ్యకుండా దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడమనండి. జవాబు సరైనదో కాదో తేల్చేది నాన్నా కాదు, టీచరూ కాదు, సమీకరణమే. నాలుగు, ఇంట్లో తాతగారో నాయనమ్మో ఉంటే లెక్క తెలుగులో చదివి వినిపించండి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి త్రైరాశికం, చక్రవడ్డీ, లవం, హారం ఇప్పటికీ నాలిక మీదే ఉంటాయి. "మూడు పుస్తకాలు 12 డాలర్లయితే ఏడు ఎంత?" అన్నప్పుడు ఇక్కడి పిల్లలు ప్రపోర్షన్ అంటారు, తాతగారు త్రైరాశికం అంటారు. ఇద్దరికీ 28 వస్తుంది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. ఇంగ్లీషు రాక పిల్లల చదువుకి దూరంగా కూర్చునే పెద్దవాళ్ళకి అది చిన్న సంగతి కాదు.

తెలుగులో లెక్కలేమిటని ఎవరైనా నవ్వితే వాళ్ళకి పావులూరి మల్లన పేరు చెప్పండి. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు ఆయన. మక్కికి మక్కిగా దించకుండా, తన కాలపు తెలుగువాళ్ళకి తగినట్టు మార్చుకున్నాడు కూడా. మనం చెయ్యవలసిందీ అదే. ఉదాహరణల్లో కాస్ట్‌కో బిల్లూ, డాన్సు క్లాసూ, క్రెడిట్ కార్డూ పెట్టుకుంటే సరిపోతుంది.

ఈ వారాంతంలో బల్ల దగ్గర చెయ్యడానికి ఒక లెక్క ఇస్తున్నాను. ఒక వస్తువు మీద ముందు 20 శాతం తగ్గించారు. తగ్గిన ధర మీద 8 శాతం పన్ను వేశారు. మొత్తం బిల్లు 129 డాలర్ల 60 సెంట్లు. వస్తువు అసలు ధర ఎంత? 150 డాలర్లని వస్తే లెక్క సరే. అది ఎలా వచ్చిందో పిల్లలు తాతగారికి తెలుగులో చెప్పగలిగితే నూటికి నూరు వేసుకోండి.